మట్టి ల్యాబ్ రోజులు

మా ల్యాబ్ చివరి గదిలో రాత్రంతా బల్బులు వెలుగుతూనే ఉండేవి. ఎవరో ఆపడం మర్చిపోయారనుకుని కొత్తవాళ్లు స్విచ్ మీద చెయ్యి వేసేవాళ్లు. వెంటనే వెనక నుంచి అటెండర్ కేక వినపడేది. "ఆపకండమ్మా, పురుగులు దిగుతున్నాయి!"

నిజంగానే దిగుతుండేవి. గోడ పొడవునా గరాటులు వరసగా ఉండేవి. ఒక్కో గరాటు మీద ఒక జల్లెడ, జల్లెడ మీద అడవి నుంచి తెచ్చిన మట్టీ చివికిన ఆకులూ, పైన బల్బు, అడుగున ఆల్కహాల్ సీసా. బల్బు వేడికి మట్టి పైనుంచి కిందికి మెల్లగా ఆరుతుంది. తడీ చీకటీ తప్ప వేరే ఏమీ ఎరగని ప్రాణులు ఆ వేడి తప్పించుకోవడానికి లోపలికి, ఇంకా లోపలికి పోయి చివరికి జల్లెడ కన్నాల్లోంచి సీసాలో పడతాయి. ఈ గరాటును 1905లో తయారుచేసింది ఇటలీ కీటక శాస్త్రవేత్త ఆంటోనియో బెర్లీస్. ఆయన వేడినీళ్లు వాడాడు, బల్బు పెట్టింది ఆ తర్వాత స్వీడన్‌కు చెందిన టుల్‌గ్రెన్. నేను రీసెర్చ్‌లో చేరింది 1990ల చివర్లో. అప్పటికీ పద్ధతి అదే.

పొద్దున్నే సీసాను గాజుపళ్లెంలోకి ఒంపి మైక్రోస్కోప్ కింద పెట్టుకుని కూర్చునేవాళ్లం. గుండ్రంగా, గట్టి పెంకుతో, బుల్లి పూసల్లాంటి మైట్లు. తోక కింద మడత పెట్టుకున్న ఫోర్కుతో ఎగిరే స్ప్రింగ్‌టెయిల్స్. కొండి లేని, గోరంత కూడా లేని తేళ్లలాంటివి. పెంకుపురుగుల పిల్లలు. ఒక్క గుప్పెడు ఆకుచెత్తలో వందల ప్రాణులు. చేతిలో లెక్కపెట్టే మీట పట్టుకుని టిక్ టిక్‌మని నొక్కుతూ పోవాలి. మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క పోతుంది కాబట్టి ఆ గదిలో ఎవరూ ఎవర్నీ పలకరించేవాళ్లు కాదు. భోజనాల దగ్గర మాత్రం అందరం ఒకేసారి మాట్లాడేవాళ్లం.

మా గైడ్ మేడమ్ పెట్టిన రూలు ఒకటుండేది. మట్టి సంచి మీద అతికించే చీటీలో, ఆ మట్టి పైన ఏముందో ముందు రాయాలి. ఏ చెట్టు, ఆకు మెత్తనా పెళుసా, గడ్డి ఎవరైనా మేశారా, పేడ పడిందా, కొమ్మ విరిగి వెలుతురు పడుతోందా, అన్నీ. అది లేని సంచిని ఆవిడ మైక్రోస్కోప్ దాకా రానిచ్చేది కాదు. "పైన ఏం జరిగిందో తెలీకుండా కింద లెక్కలేసి ఏం చేస్తావమ్మా?" అనేది. మేం దాన్ని చాదస్తం అనుకున్నాం. ఆవిడ వినదని తెలిసినప్పుడు గట్టిగానే అనుకున్నాం కూడా.

కానీ మొదటి ఏడాది చేసిన ఆకుల సంచుల పని ఆ చాదస్తానికి అర్థం చెప్పింది. నైలాన్ వలతో చిన్న సంచులు కుట్టాలి. కొన్నిటికి వానపాము కూడా దూరేంత పెద్ద కన్నాలు, కొన్నిటికి బ్యాక్టీరియా, బూజు తప్ప ఇంకేదీ దూరలేనంత సన్న కన్నాలు. రెండిట్లోనూ తూకం వేసిన ఒకే చెట్టు ఆకులు. తీసుకెళ్లి చెట్ల కింద పరిచి, కొన్ని నెలల తర్వాత ఏరుకొచ్చేవాళ్లం. పెద్ద కన్నాల సంచుల్లో ఈనెలు మాత్రం మిగిలేవి. సన్న కన్నాల సంచుల్లో ఆకు నల్లబడి మెత్తబడినా రూపం పోయేది కాదు. కుళ్లబెట్టే అసలు రసాయన పని సూక్ష్మజీవులదే అయినా, కొరికి ముక్కలు చేసి, నమిలి విసర్జించి వాటికి అందించే ప్రాణులు లేకపోతే ఆ పని నత్తనడక నడుస్తుందన్నమాట.

నాకు ఇంకా ఆసక్తి అనిపించింది ఆకుల మధ్య తేడా. నత్రజని ఎక్కువున్న పల్చటి ఆకు పడితే కింద హడావుడి మొదలవుతుంది. బ్యాక్టీరియా పెరుగుతుంది, దాన్ని తినే అమీబాలూ, నెమటోడ్లు అనే కంటికి ఆనని నులిపురుగులూ పెరుగుతాయి, అవి తమకు మించిన నత్రజనిని వదిలేస్తాయి, వేరు దాన్ని పీల్చుకుంటుంది. గట్టిగా, చేదుగా, టానిన్లనే వగరు పదార్థాలతో నిండిన ఆకు పడితే కథ వేరు. ఆకులో నత్రజని చాలక సూక్ష్మజీవులు మట్టిలో ఉన్నది కూడా లాక్కుని తమ ఒంట్లో దాచుకుంటాయి. చెట్టుకు ఆకలి మిగులుతుంది. ఆ ఆకలికి తట్టుకునే చెట్టు, పొదుపుగా పెరిగి మళ్లీ అలాంటి గట్టి ఆకునే రాలుస్తుంది. తన నేలను తనకు తగ్గట్టు తనే తయారు చేసుకుంటుందనమాట, తెలిసో తెలియకో.

అలాగని అంతా చెట్టు చేతిలోనే ఉందా అంటే అదీ కాదు. 19వ శతాబ్దం చివర్లో డెన్మార్క్ అటవీ శాస్త్రవేత్త పి.ఇ. ముల్లర్ బీచ్ అనే చెట్ల అడవుల్లో గోతులు తవ్వి చూశాడు. పైన అదే బీచ్ చెట్టు. ఒకచోట వానపాములు తిరగదోడిన గుల్ల నేల, ఆకూ మట్టీ కలిసిపోయి ఉన్నాయి. ఇంకోచోట బూజు దారాలతో అల్లుకుపోయిన ఆకుల చాప, మట్టితో కలవకుండా పైనే పేరుకుపోయి ఉంది. తేడా అందులో బతికేవాళ్లలో ఉందని ఆయన తేల్చాడు. మేడమ్ ఈ కథ ఎప్పుడూ గోతిలో నిలబడే చెప్పేది. మేం పైన గట్టు మీద నోట్సు రాసుకునేవాళ్లం. ఆవిడ చీర అంచు మట్టికొట్టుకుపోయి ఉండేది.

డార్విన్ కథ కూడా గోతిలోనే విన్నాను. ఆయన 1842లో తన ఇంటి దగ్గరి పొలంలో సుద్దముక్కలు చల్లించి, 29 ఏళ్లు ఆగి, 1871లో కందకం తవ్వించాడు. సుద్ద వరస ఏడు అంగుళాల లోతులో కనపడింది. ఎవరూ పాతిపెట్టలేదు. వానపాములు రోజూ కింది మట్టి తెచ్చి పైన విసర్జిస్తుంటే, పైనున్నది నెమ్మదిగా దిగిపోయింది. 1881లో, చనిపోవడానికి ముందు ఏడాది, ఆయన వేసిన చివరి పుస్తకం వానపాముల మీదే. కుండీల్లో వానపాములను పెంచి వాటికి పియానో, బసూన్ అనే ఊదే వాద్యం వినిపించాడు కూడా. అవి పట్టించుకోలేదు. కానీ కుండీని పియానో మీదే పెట్టి వాయిస్తే, ఆ అదురుకు బొరియల్లోకి దూరాయి. 29 ఏళ్లు ఆగగల ఓపిక గురించి మేడమ్ గొప్పగా చెప్తుంటే మేం మా ఫెలోషిప్ గడువు గురించి ఆలోచించేవాళ్లం.

వానపాము మేలు చేస్తుందని చిన్నప్పటి నుంచి చదువుకున్నాం కదా. అందుకే ఉత్తర అమెరికా అడవుల సంగతి మొదటిసారి విన్నప్పుడు ఎవరికీ మింగుడుపడలేదు. ఆ ఖండం ఉత్తర భాగాన్ని మంచుయుగంలో హిమానీనదాలు కప్పేశాయి. మంచు కరిగాక తిరిగి పెరిగిన అడవులు వానపాములు లేకుండానే పెరిగాయి. అక్కడి మొలకలూ, ఫెర్న్‌లూ, అడవి పూలమొక్కలూ మందపాటి ఆకుచెత్త పరుపు మీద బతకడానికి అలవాటుపడ్డాయి. తర్వాత యూరప్ నుంచి వలసవచ్చినవాళ్ల మొక్కల మట్టిలోనూ, చేపలు పట్టేవాళ్ల ఎర డబ్బాల్లోనూ వానపాములు దిగాయి. దిగిన చోటల్లా ఆ పరుపును తినేశాయి. నేల గట్టిపడి బోసిపోయింది, మేపుల్ మొలకలు తగ్గాయి, కొన్ని ఫెర్న్‌లు కనపడకుండా పోయాయి. మేలూ కీడూ పురుగు గుణంలో లేవు, అది ఎక్కడికి వచ్చిందన్నదాంట్లో ఉన్నాయి. బడి పుస్తకాల్లో ఈ రెండో సగం కూడా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

శుక్రవారం సాయంత్రాలు పేపర్లు చదివే మీటింగ్ ఉండేది. కొత్తగా వచ్చిన పరిశోధనా పత్రాన్ని ఒకరు వివరించాలి, మిగతావాళ్లు తప్పులు పట్టాలి. 1997లో సుజాన్ సిమర్డ్ బృందం నేచర్ అనే సైన్స్ పత్రికలో వేసిన పత్రం అప్పటికే అందరి నోళ్లలో నానుతోంది. అడవిలో పేపర్ బిర్చ్, డగ్లస్ ఫర్ మొక్కలకు వేర్వేరు కర్బనం ఐసోటోపులతో, అంటే బరువులో తేడా ఉన్న కర్బనం రకాలతో, గుర్తు పెట్టి, ఒకదాని కర్బనం ఇంకోదానిలోకి చేరిందని చూపించారు. నీడలో ఉన్న ఫర్‌కు ఎక్కువ అందింది. వేళ్లను అల్లుకున్న శిలీంధ్రాల దారాలు ఆ దారి అయి ఉండాలన్నారు. మా సీనియర్ అన్న ఊగిపోతూ చెప్పాడు ఆ సాయంత్రం. చెట్లు మాట్లాడుకుంటాయి, తల్లి చెట్టు పిల్లలకు పాలిస్తుంది అన్నంత దూరం వెళ్లాడు.

మేడమ్ అంతా విని ఒక్కటే అడిగింది. "కర్బనం వెళ్లింది, సరే. దానివల్ల ఆ మొక్క ఎంత పెరిగింది?"

అన్న దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న మాత్రం అలాగే నిలబడింది. 2023లో, ఆ రంగంలోనే ఏళ్లు గడిపిన ముగ్గురు శాస్త్రవేత్తలు జస్టిన్ కార్స్ట్, మెలనీ జోన్స్, జేసన్ హోక్సెమా పాత పరిశోధనలన్నీ తిరగేసి, చెట్లు శిలీంధ్రాల వలల ద్వారా ఒకదానికొకటి సాయం చేసుకుంటాయనే ప్రచారానికి అడవిలో దొరికిన రుజువులు చాలవన్నారు. ఆ వార్త చూసి అన్నకు మెసేజ్ పెట్టాను. "మేడమ్ అప్పుడే పట్టేసింది కదరా" అని జవాబొచ్చింది.

వలల కథ తేలకపోయినా, వేరుకూ శిలీంధ్రానికీ ఉన్న బేరం మాత్రం అనుమానం లేనిది. 1885లో జర్మనీకి చెందిన ఫ్రాంక్ దీనికి మైకోరైజా అని పేరు పెట్టాడు. స్కాట్లాండ్‌లోని రైనీ దగ్గర దొరికిన 40 కోట్ల ఏళ్ల నాటి రాతిలో, సరైన వేళ్లు కూడా లేని తొలి మొక్కల కణాల్లో శిలీంధ్రం ముద్ర కనపడుతుంది. నేటి మొక్కల జాతుల్లో నూటికి ఎనభైకి అటూ ఇటూ ఈ పొత్తులోనే ఉన్నాయి. మొక్క చక్కెరా కొవ్వూ ఇస్తుంది, శిలీంధ్రం వేరు చేరలేని సందుల్లోంచి భాస్వరం తెచ్చిస్తుంది. నేలలో భాస్వరం బాగా ఉంటే చాలా మొక్కలు ఈ పొత్తును తగ్గించుకుంటాయి. ఇందులో ప్రేమ ఏమీ లేదు, లెక్క ఉంది. నాకు ప్రేమ కథ కంటే ఈ లెక్కే నచ్చుతుంది.

సీనియర్ అన్న సొంత పని ఇంకో దారిలో ఉండేది. 2000లో నేచర్‌లోనే ప్యాకర్, క్లే అనే ఇద్దరు బ్లాక్ చెర్రీ చెట్టు మీద వేసిన పత్రం ఆయన్ని పట్టేసింది. తల్లి చెట్టు కింద మొలిచిన పిల్లలు చచ్చిపోతున్నాయి, దూరంగా మొలిచినవి బతుకుతున్నాయి. తల్లి కింది మట్టిని స్టెరిలైజ్ చేస్తే పిల్లలు బతికాయి. ఆ మట్టిలో పైథియమ్ అనే, శిలీంధ్రంలాంటి తెగులు జీవి పేరుకుపోయి ఉంది. ఏళ్ల తరబడి ఒకే చెట్టు ఒకేచోట ఉంటే దాని శత్రువులకు అది నిత్యాన్నదాన సత్రం. దానివల్ల పక్కన వేరే జాతి మొలకకు చోటు దొరుకుతుంది. అడవిలో ఇన్ని రకాల చెట్లు కలిసి ఎలా ఉంటాయన్న ప్రశ్నకు ఒక జవాబు ఇలా కాళ్ల కిందే ఉందన్నమాట.

అన్న ఇదే పని మా దగ్గరి చెట్ల మీద మొదలుపెట్టాడు. దాంతో ల్యాబ్‌లో అందరికీ టెన్షన్. ఎందుకంటే ఆటోక్లేవ్‌లో, అంటే సూక్ష్మజీవుల్ని చంపే ఆవిరి కుక్కర్‌లో, ఉడికిన మట్టి వాసన ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుసు. మూడో అంతస్తు వాళ్లు కూడా వచ్చి గొడవపెట్టేవాళ్లు. పైగా ఉడికిస్తే మట్టిలోని పోషకాలు విడుదలై మొక్క ఊరికే ఏపుగా పెరుగుతుంది, ఏది దేని వల్లో తెలియదు. అందుకని అన్ని కుండీల్లోనూ ఉడికించిన మట్టే నింపి, దాంట్లో కొంచెం మాత్రం ఒక్కో చెట్టు కింది సజీవమైన మట్టి కలిపేవాడు. పోషకాలు అందరికీ సమానం, జీవులు మాత్రం వేరు. చాలా తెలివైన ఏర్పాటు. వాసన మాత్రం తగ్గలేదు.

నా వంతు పని గడ్డిలో. కంచె వేసి మేత ఆపిన ముక్కలు కొన్ని, మేసే ముక్కలు కొన్ని, మధ్యలో కత్తెరతో నేనే కోసే ముక్కలు కొన్ని. మోకాళ్ల మీద కూర్చుని గడ్డి కత్తిరించడం పీహెచ్‌డీ అంటే ఇంట్లో ఎవరూ నమ్మలేదు. ఆవు ఆకు కొరికిన తర్వాత మొక్క ఏం చేస్తుందో చూడాలి. 2001లో హామిల్టన్, ఫ్రాంక్ అనే ఇద్దరు అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కు నుంచి తెచ్చిన గడ్డి మీద దీన్ని చక్కగా చూపించారు. పైన ఆకు తెగగానే వేరు నుంచి కర్బనం ఎక్కువగా కారుతుంది. దాన్ని తిని వేరు చుట్టూ సూక్ష్మజీవులు పెరుగుతాయి, నత్రజని లభ్యత పెరుగుతుంది, గడ్డి దాన్ని అందుకుని మళ్లీ చిగురిస్తుంది. ఉన్న ఆకు పోగొట్టుకున్న మొక్క, మిగిలిన కాస్త చక్కెరనూ మట్టిలో ఒలకబోయడం మొదట పిచ్చిపనిలా కనపడుతుంది.

కంచె లోపల గడ్డి మార్పు ఒక్క సీజన్‌లోనే కంటికి కనపడింది. మట్టిలో మాత్రం చాలాకాలం ఏ తేడా రాలేదు. పాత వేళ్లు, పాత పేడ, పాత సూక్ష్మజీవులు. పైన పశువులు పోయినా కింద అవి ఉన్నట్టే నడిచింది. నేలకు జ్ఞాపకం ఎక్కువ అనేది మేడమ్. నా థీసిస్ గడువు కంటే ఎక్కువ అని నేను గొణుక్కునేవాణ్ని.

2005లో వచ్చిన రెండు పత్రాలు ఆ గదిలో చాలాకాలం చర్చకు వచ్చాయి. మొదటిది అల్యూషన్ దీవుల గురించి. అలాస్కా చివరన ఉన్న ఆ దీవుల్లో బొచ్చు వ్యాపారం కోసం నక్కలను వదిలారు. నక్కలు సముద్రపక్షులను తినేశాయి. పక్షులు పోతే సముద్రం నుంచి మోసుకొచ్చే రెట్ట ఆగిపోయింది. రెట్ట లేక మట్టిలో భాస్వరం తగ్గింది, ఏపైన పచ్చిక పోయి పొట్టి తుప్పల టండ్రా వచ్చింది. నక్క గడ్డి తినదు, మట్టి ముట్టదు. అయినా దీవి రంగే మార్చేసింది.

రెండోది మొక్కజొన్న మీద. వేరుపురుగు కొరికినప్పుడు కొన్ని రకాల మొక్కజొన్న వేళ్లు కారియోఫిలీన్ అనే వాసనను మట్టిలోకి వదులుతాయి. ఆ వాసన పట్టుకుని నెమటోడ్లు వచ్చి పురుగును చంపుతాయి. అమెరికాలో పెంచే చాలా రకాలకు ఈ శక్తి పోయింది. దిగుబడి చూసి విత్తనం ఎంచుకుంటూ పోయినవాళ్లకు, మట్టిలోకి వెళ్లే వాసన ఒకటుందనే తెలియదు కదా. నెమటోడ్ల మీద పనిచేసే నా స్నేహితురాలు ఈ పేపర్ వివరిస్తూ గర్వంతో మెరిసిపోయింది, తన పిల్లలకు ర్యాంకు వచ్చినట్టు.

వాసనంటే ఇంకోటి. తొలివానకు లేచే మట్టివాసనలో ఎక్కువ వంతు జియోస్మిన్ అనే పదార్థానిది. స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా దాన్ని తయారుచేస్తుంది. ఎందుకు చేస్తుందో మా రోజుల్లో ఎవరూ చెప్పలేకపోయారు. 2020లో తేలింది. ఆ వాసనకు స్ప్రింగ్‌టెయిల్స్ వచ్చి బ్యాక్టీరియాను తింటాయి, వాటి బీజాలను ఒంటికీ కడుపులోనూ మోసుకెళ్లి వేరేచోట చల్లుతాయి. రాత్రంతా బల్బు కింద దింపి లెక్కపెట్టిన ఆ ప్రాణులు ఇందుకు వెతుకుతూ తిరుగుతున్నాయని తెలిసి ఉంటే ఇంకాస్త గౌరవంగా లెక్కపెట్టేవాణ్నేమో.

ఇప్పుడు ఆ గదిలో గరాటులు లేవు. మట్టి చిటికెడు చిన్న గొట్టంలో వేసి డీఎన్‌ఏ పరీక్షకు పంపుతారు, వేల జాతుల జాబితా కంప్యూటర్‌లో వచ్చి పడుతుంది. భూమి మీది జీవజాతుల్లో నూటికి 59 నేలలోనే ఉంటాయని 2023లో ఒక అంచనా వచ్చింది, ఇలాంటి జాబితాలు లేకపోతే ఆ అంచనా కుదిరేది కాదు. కొత్త పద్ధతిని తిట్టను. కానీ జాబితా చూసి ఎవరు ఎవర్ని తింటున్నారో చెప్పలేం, చచ్చినదేదో బతికున్నదేదో కూడా కొన్నిసార్లు చెప్పలేం. మొన్న వెళ్లినప్పుడు ఒక జూనియర్‌ను "ఈ శాంపిల్ పైన ఏ చెట్టుందమ్మా?" అని అడిగితే, ఫైల్ తెరిచి ఒక కోడ్ నంబర్ చదివింది. మేడమ్ రిటైరయ్యి చాలా ఏళ్లయింది. ఆవిడ ఉండుంటే ఆ పిల్ల సాయంత్రం దాకా అడవిలోనే ఉండేది.

మా పాత బ్యాచ్‌కు ఒక వాట్సాప్ గ్రూప్ ఉంది. ఎక్కువగా పుట్టినరోజులూ, మందుల పేర్లూ. ఈమధ్య స్నేహితురాలు సికాడాల ఫోటో పెట్టింది. అమెరికా తూర్పు అడవుల్లో ఈ పురుగులు 17 ఏళ్లు నేలలో ఉండి, వేళ్ల రసం తాగి, ఒక వేసవి ముందు లక్షల్లో ఒకేసారి పైకొస్తాయి. పక్షులు తిన్నంత తిన్నా ఇంకా మిగిలి, చచ్చి నేల రాలతాయి. 2004లో లూయీ యాంగ్ ఆ కళేబరాలు పడ్డ మట్టిని పరీక్షించి, సూక్ష్మజీవులూ నత్రజనీ పెరిగాయనీ, అక్కడి అడవి పూలమొక్కకు పెద్ద విత్తనాలు వచ్చాయనీ చూపించాడు. శుక్రవారం మీటింగ్‌లో ఆ పేపర్ చదివింది తనే. వేరు నుంచి పదిహేడేళ్లు తాగిందంతా ఒక్క నెలలో తిరిగి చెల్లించడం చూడాలని ఆ రోజు అందరం అనుకున్నాం. 2004లో పైకొచ్చిన ఒక పెద్ద గుంపు 2021లో మళ్లీ వచ్చింది, కోవిడ్‌లో ఎవరం కదల్లేదు. తర్వాతి రాక 2038లో. వెళ్దామా అని తను అడిగింది. అన్న మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక చెప్తానన్నాడు. నేను సరే అన్నాను. పాస్‌పోర్ట్ గడువు మాత్రం ఆలోపు రెండుసార్లు అయిపోతుంది.